నేను పుట్టినట్టు ఎక్కడా లేదు

గుడివాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, కాన్పుల వార్డులో, నేను చాలా ఏళ్ళు నర్సుగా చేశాను. పుట్టిన బిడ్డని తుడిచి, తూకం వేసి, చేతికి పట్టీ కట్టి, గోడ గడియారం చూసి టైము కేసు షీటులో రాసేది నేనే. ఆ ఊళ్ళో ఇప్పుడు బ్యాగులు తగిలించుకుని స్కూళ్ళకి పోతున్న పిల్లల్లో ఎంతమంది పుట్టుక నా చేతిరాతలో ఉందో నాకే తెలీదు. అలాంటిదాన్ని, నేను పుట్టినట్టు మాత్రం ఎక్కడా రాసి లేదని ముప్పయ్యారో ఏట తెలిసింది. నవ్వాలో ఏడవాలో తెలీక, ఆ రోజు పంచాయతీ ఆఫీసు మెట్ల మీద కూర్చుని అరటిపండు తిన్నాను. అంతకన్నా ఏం చెయ్యను చెప్పండి?

అసలు సంగతి మస్కట్ ఉద్యోగంతో మొదలైంది. అక్కడి ఆసుపత్రి వాళ్ళు ఫోన్లో వీడియో పెట్టి ఇంటర్వ్యూ చేసి, సరే రమ్మన్నారు. మా ఆయన గుడివాడ, పామర్రు మధ్య ఆటో తోలతాడు. పాప పదో తరగతికి వచ్చింది. రెండేళ్ళు కళ్ళు మూసుకుని చేసి వచ్చేస్తే దాని చదువుకి ఇబ్బంది ఉండదని ఇద్దరం అనుకున్నాం. ఆ రెండేళ్ళూ పాపని చూసుకోవడానికి ఇంట్లో మా అమ్మ ఉంది. నాన్న పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటోంది.

విజయవాడ ఏజెంటు ఫోన్ చేసి, "డిగ్రీ, కౌన్సిల్ రిజిస్ట్రేషను, పెళ్ళి సర్టిఫికెట్, పుట్టిన సర్టిఫికెట్, అన్నిటికీ అపొస్టిల్ కావాలి మేడం" అన్నాడు.

"అదేంటండీ, చర్చిలో వినే మాటలా ఉంది?" అన్నాను.

"ఢిల్లీ వాళ్ళు అంటించే స్టిక్కరండీ. ఇక్కడి వాళ్ళు మీ కాగితం నిజమేనని ముద్ర వేస్తారు. ఆ ముద్ర నిజమేనని ఢిల్లీ వాళ్ళు స్టిక్కర్ వేస్తారు. అది చూసి మస్కట్ వాళ్ళు నమ్ముతారు."

"అంటే నన్ను చూసి ఎవరూ నమ్మరన్నమాట."

"మిమ్మల్ని చూసి ఎందుకు నమ్ముతారు మేడం?" అని నవ్వాడు మహానుభావుడు.

పుట్టిన సర్టిఫికెట్ నా దగ్గర ఎప్పుడూ లేదు. బళ్ళోనూ, పాస్‌పోర్టుకీ పదో తరగతి సర్టిఫికెట్‌తోనే గడిచిపోయింది. అందుకని సెలవు పెట్టి మా ఊరికి బయల్దేరాను. మా ఊరు దివిసీమలో, కృష్ణ సముద్రంలో కలిసే వైపు. నాన్న చేపల వేటకెళ్ళేవాడు, అమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. పంచాయతీ సెక్రటరీ చిన్నపిల్ల, నన్ను చూడగానే "రండక్కా" అని కుర్చీ వేసింది. పాత పుస్తకం తీయించి వెతికింది. "ఇదిగో, దొరికింది" అంది సంబరంగా. పేరు నాదే. అమ్మ పేరు, నాన్న పేరు సరిగ్గానే ఉన్నాయి. పుట్టిన తేదీ మాత్రం నా పాస్‌పోర్టులో ఉన్నదానికన్నా మూడేళ్ళకి పైగా ముందుంది.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు గానీ నాకు క్షణంలో అర్థమైంది. నా వీపు మీద ఎవరో చెయ్యి వేసినట్టయింది. అది నాది కాదు. అది మా అక్కది.

అక్క సంగతి మా ఇంట్లో దాచిందేమీ కాదు, ఊరందరికీ తెలుసు. నాకన్నా ముందు ఒక పిల్ల పుట్టింది. మూడో ఏడు నిండకుండానే జ్వరం వచ్చి పోయింది. ఊపిరి ఆగిపోయాక అమ్మ ఆ పిల్ల కుడి చెవి వెనక మసి బొట్టు పెట్టింది. మా వైపు ముసలాళ్ళు అలా చేయించేవాళ్ళు, పోయిన బిడ్డ మళ్ళీ అదే కడుపున పుడితే గుర్తుపట్టడానికి. ఏడాది తిరిగేసరికి నేను పుట్టాను. మంత్రసాని నన్ను కడుగుతుంటే అమ్మ పడుకున్నదల్లా లేచి నా చెవి మడిచి చూసిందట. అక్కడ పుట్టుమచ్చ ఉంది. "వచ్చేసింది" అందట. ఇంక వేరే పేరు పెట్టలేదు. ఆ పేరే, ఆ గౌన్లే, ఆ వెండి మువ్వలే.

నా చిన్నప్పుడు అమ్మ చెప్పే కబుర్లన్నీ అలాగే ఉండేవి. "నువ్వోసారి కోడిపెట్ట వెంటపడి గడప మీద పడ్డావు, నుదురు చిట్లి ఎంత రక్తమో!" అనేది. అద్దంలో చూసుకుంటే నా నుదుటి మీద మచ్చ లేదు. "ఏదే అమ్మా మచ్చ?" అంటే, "పోయి వచ్చావుగా, మానిపోయింది" అనేది, కూరలు తరుగుతూనే. పిల్లలకి అమ్మ మాటకన్నా రుజువేం కావాలి? నేనూ అలాగే నమ్మాను. బళ్ళో పిల్లలు దెయ్యప్పిల్ల అని ఏడిపిస్తే నాకు గొప్పగా ఉండేది. నేను ఒకసారి చచ్చి వచ్చినదాన్ని, మీలో ఎవరన్నా వచ్చారా, అని వాళ్ళ మీదకి పోయేదాన్ని.

నర్సింగుకి వెళ్ళాక అవన్నీ నమ్మడం మానేశాను. పుట్టుమచ్చలు ఎంతమంది పిల్లలకి ఉంటాయో రోజూ చూసేదాన్ని కదా. ఒక్కటి మాత్రం నన్ను వదల్లేదు. నాకొక జ్ఞాపకం ఉంది. నేను వెల్లకిలా పడుకుని ఉంటాను, తల కింద ఎవరిదో ఒడి. పైన ఆకాశం మెల్లగా పక్కకి జరుగుతూ ఉంటుంది. కర్ర చెక్కకి తగిలిన చప్పుడు, ఆగి ఆగి. తర్వాత ఆకాశం జరగడం ఆగిపోయి, గుండ్రంగా తిరిగి, వచ్చిన వైపే వెనక్కి జరుగుతుంది. ఒక నల్లటి బొటనవేలు నా మొహం మీదకి వస్తుంది. అంతే. ఇది ఎక్కడ జరిగిందో, ఎప్పుడు జరిగిందో తెలీదు. మా ఆయనకి పెళ్ళైన కొత్తల్లో చెబితే, "సినిమాలు తక్కువ చూడవే" అన్నాడు. ఇంకెవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం గుడివాడ వచ్చి అమ్మని నిలదీశాను. "నా పుట్టుక ఎందుకు రాయించలేదే?"

"రాయించాంగా."

"అది అక్కది."

"అక్కేంటే? నీదే. మీ నాన్న పోయి రాయించి వచ్చాడు."

"మరి నేను పుట్టినప్పుడు?"

అమ్మ నా వంక జాలిగా చూసింది. "ఓసి పిచ్చిదానా, ఒక మనిషికి పుట్టుక రెండుసార్లు రాయిస్తారటే?"

అమ్మ వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగింది. పోయిన పిల్ల తిరిగొచ్చింది, దాని పేరు ముందే పుస్తకంలో ఉంది, మళ్ళీ వెళ్ళి రాయిస్తే ఆఫీసులో వాళ్ళు నవ్వరూ? అదీ వాళ్ళ లెక్క. సరేనమ్మా, పుట్టుక రాయించలేదు, మరి అక్క చావన్నా రాయించారా అంటే, అదీ లేదు. రాయిద్దాం రాయిద్దాం అనుకుంటూండగానే నేను అమ్మ కడుపున పడ్డానట. "తిరిగొచ్చేదానికి చావు రాయిస్తారా ఎవరన్నా? అపశకునం" అంది.

సెక్రటరీ అమ్మాయికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. పాపం చాలా ఓపిగ్గా వింది. "అక్కా, మీ పుట్టుక ఇప్పుడు కొత్తగా రాయించాలంటే, మీ జననం మా రికార్డులో లేదని ముందు నేను కాగితం ఇవ్వాలి. అది పట్టుకుని బందరు ఆర్డీవో ఆఫీసుకి వెళ్తే వాళ్ళు ఆర్డరిస్తారు. కానీ ఇదే పేరుతో, ఇదే అమ్మానాన్నలకి ఒక జననం ఉంది కదా, లేదని నేనెలా ఇవ్వను? ఆవిడ వేరే మనిషని తేలాలి."

"ఆవిడ చచ్చిపోయిందమ్మా."

"చచ్చిపోయినట్టు లేదక్కా. రికార్డు ప్రకారం మీ అక్కగారు ఉన్నారండి. ముందు ఆవిడ మరణం రాయించాలి. తర్వాతే మీ జననం. మీ అమ్మగారు అఫిడవిట్ ఇస్తే చాలు, ఊళ్ళో పెద్దవాళ్ళు ఎలాగూ సాక్ష్యం చెబుతారు."

మీ అక్కగారు ఉన్నారండి. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట చెవిలోనే ఉండిపోయింది. డ్యూటీలో నర్సులు పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి పలికేదాన్ని కాదు, వెనక్కి తిరిగి చూసేదాన్ని. అద్దం ముందు బొట్టు పెట్టుకుంటూ, ఇది ఎవరికి పెడుతున్నాను అనుకునేదాన్ని. మా ఆయన మాత్రం, "ఏమే, ఇంకా పుట్టలేదంట కదా నువ్వు, అన్నం ఎవరికి పెట్టను?" అని ఏడిపించాడు. మామూలప్పుడైతే పళ్ళెం విసిరేదాన్ని. ఆ పూట ఏడ్చేశాను. దాంతో బెదిరిపోయి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అఫిడవిట్‌కి ముగ్గురం ఆటోలోనే పెడన మీదుగా బందరు వెళ్ళాం. కోర్టు దగ్గర ఒక సాహెబుగారు నోటరీ చేస్తారు, పెద్దవయసు, తెల్లగడ్డం. నేను చెప్పిందంతా విని, పక్కన టైపు చేయించి, కాగితం చేతిలోకి తీసుకుని అమ్మని ఎదురుగా కూర్చోమన్నారు. "చదువురాని వాళ్ళకి చదివి వినిపించి, ఒప్పుకున్నాకే వేలిముద్ర తీసుకోవాలమ్మా. వింటూ ఉండు" అని మొదలుపెట్టారు.

"ప్రమాణం చేసి చెప్పునది ఏమనగా, నాకు ఇద్దరు కుమార్తెలు. అందులో పెద్ద కుమార్తె జ్వరముతో మరణించినది..."

"ఆగండి సాహెబుగారూ" అంది అమ్మ. "ఇద్దరు కాదు."

"మరి ఎంతమంది తల్లీ?"

"ఒక్కతే. ఇదిగో, ఇదే."

"ఒక్కతే అయితే ఈ కాగితమే అక్కర్లేదమ్మా."

"అదే నేనూ మొత్తుకుంటున్నా" అంది అమ్మ.

మా ఆయన ఊరుకోలేక, "ఆవిడకి చదువు రాదు కదండీ, వేయించేసుకోండి, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. సాహెబుగారు ఆయన్ని ఒక చూపు చూశారు. మా ఆయన వెళ్ళి ఆటోలో కూర్చున్నాడు.

"పోయి వచ్చింది అని రాయండి" అని అమ్మ బతిమాలింది. "పోయింది నిజమే. నేను కాదనను. మళ్ళీ వచ్చింది. ఆ రెండూ రాయండి, వేలిముద్ర వేస్తాను."

ఆయన నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నువ్వు చెప్పేది నాకు అర్థమవుతుందమ్మా. కానీ అలా రాస్తే ఏ ఆఫీసులోనూ చెల్లదు. పోయిందా లేదా, ఒక్కటే రాయాలి."

"అయితే వద్దు లెండి" అని లేచి నిలబడింది.

కోనేరు సెంటర్‌లో బస్సుల చప్పుడు మధ్య నాకు ఒళ్ళు తెలీని కోపం వచ్చింది. అమ్మని భుజం పట్టుకుని ఆపాను. "నేనెవర్నే అమ్మా? ఇన్నేళ్ళూ దాని బట్టలు తొడిగావు, దాని పేరు పెట్టావు, దాని దెబ్బలు నాకు అంటగట్టావు. నన్ను కన్నానని ఒక్కసారి, ఒక్కసారి నోరు తెరిచి చెప్పడానికి ఏం పోతుందే నీకు?"

"అరవకు, జనం చూస్తున్నారు."

"చూడనీ!"

అప్పుడంది, చాలా మెల్లగా. "నేను నోటితో అంటే అది పోతుందే. ఇన్నాళ్ళూ అనలేదు, అందుకే ఉంది."

భుజం వదిలేసి ఆటో ఎక్కాను. ఆ తర్వాత కొన్నాళ్ళు ఏజెంటు ఫోన్ చేస్తూనే ఉన్నాడు, మస్కట్ వాళ్ళు ఎంతకాలం ఆగుతారు మేడం అని. ఒక ఆదివారం అన్నం వండుతూ, "ఇంకెవర్నైనా చూసుకోమనండి, నా కాగితం తేలేది కాదు" అని చెప్పేశాను. చెప్పి పొయ్యి దగ్గర నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను అప్పుడు. ఉద్యోగం కోసం కాదని ఇప్పుడు తెలుస్తోంది.

మర్నాడు పొద్దున్నే అమ్మ తలదువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. "ఎక్కడికే?" అన్నాను.

"సాహెబుగారి దగ్గరికి. వేలిముద్ర వేస్తాను" అంది. "దాన్ని పోనిస్తే నువ్వు వెళ్తావు. పోనివ్వకపోతే నువ్వు నా మొహం చూడవు. ఏదో ఒకటి నాకు తప్పదుగా."

వేసింది. ఆయన చదివి వినిపిస్తుంటే గోడ వంక చూస్తూ, ఆగినచోటల్లా "ఊఁ" అంది. నేను ఏజెంటుకి ఫోన్ చేసి, ఇంకొక్క నెల ఆగమని బతిమాలుకున్నాను. ఊళ్ళో విచారణ జరిగింది. పోయిన పిల్ల చెవి వెనక మసి బొట్టు చూసిన ముసలామె ఇంకా బతికే ఉంది, ఆవిడ చెప్పింది. తర్వాత ఆర్డీవో ఆఫీసు నుంచి కబురొచ్చింది, తల్లిని తీసుకురమ్మని.

ఆఫీసరుగారు నాకన్నా చిన్నవాడే అయ్యుంటాడు. మర్యాదగా మాట్లాడాడు. "కూర్చోండమ్మా. మీకు పిల్లలెంతమంది?"

"ఇద్దరు బాబూ" అంది అమ్మ. ఆ మాట ఆమె నోట నేను మొదటిసారి వినడం. "పెద్దది చచ్చిపోయింది."

"ఎక్కడ చనిపోయిందమ్మా? ఇంట్లోనా, ఆసుపత్రిలోనా? ఏ ఊరి పరిధి అన్నది రాయాలి."

"పడవలో."

నేను తల ఎత్తాను. పడవ సంగతి అమ్మ ఎన్నడూ చెప్పలేదు. జ్వరం వచ్చి పోయిందనే నాకు తెలుసు. అమ్మ ఆఫీసరు బల్ల మీద పెట్టిన కాగితం బరువు వంక చూస్తూ చెప్పుకుపోయింది. రాత్రంతా మూర్ఛలు వచ్చాయి. తెల్లారగట్ల నాన్నా తనూ లాంతరు పట్టుకుని రేవుకి వెళ్ళారు. అప్పటికి వంతెన లేదు, బందరు ఆసుపత్రికి దగ్గర దారి ఆ పడవే. ఒళ్ళో పడుకోబెట్టుకుంది. నది మధ్యకి వచ్చేసరికి పిల్ల కళ్ళు అలా పైకి ఉండిపోయాయి. పడవ తోసే మనిషి చూసి, గడకర్ర ఆపి, "అమ్మా, ఇంక అవతలికి దేనికి" అని పడవ వెనక్కి తిప్పేశాడు.

"నేను తిప్పొద్దన్నాను బాబూ. ఆసుపత్రి అటుందిగా. తిప్పొద్దని వాడి కాళ్ళు పట్టుకున్నా. తిప్పేశాడు. అప్పుడు లాంతరు గాజు తీసి, దాని మసి వేలికి రాసుకుని చెవి వెనక పెట్టాను. ఇంకా వెచ్చగానే ఉంది. అది నన్నే చూస్తోంది."

ఫ్యాను తిరుగుతోంది, పక్క గదిలో ఎవరో జిరాక్సు తీస్తున్నారు, నేను మాత్రం వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఆకాశం ఆగి, గుండ్రంగా తిరిగి, వెనక్కి జరుగుతోంది. నేను నర్సుని. పసిపిల్ల బుర్రలో ఏం నిలుస్తుందో, ఏం నిలవదో నాకు తెలుసు. నాన్న ఎప్పుడైనా నిద్రలో కలవరించి ఉంటాడు, మంత్రసాని ఎవరితోనో చెబుతుంటే విని ఉంటాను, అని ఆ రోజు నుంచీ నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. కానీ వాళ్ళెవరైనా ఒడ్డున ఉండో, పక్కన కూర్చునో చూసింది చెప్పగలరు. ఒళ్ళో పడుకుని పైకి చూస్తే ఏం కనిపిస్తుందో ఎలా చెప్పగలరు? ఆ బొటనవేలు కిందనుంచి ఎలా ఉంటుందో ఎవరు చెప్పగలరు? ఇప్పటికీ దీన్ని తల్చుకుంటే నాకు భయమే.

ఆఫీసరుగారు, "పడవ తిరిగి మీ ఊరి రేవుకే వచ్చిందిగా, అయితే మీ ఊరే" అని రాసుకున్నాడు. "రెండో అమ్మాయి ఎప్పుడు పుట్టింది?"

అమ్మ తెల్లబోయింది. పెద్దది పుట్టిన వారం, తిథి, నక్షత్రం, ఆ రోజు నాన్న వలలో ఏం చేప పడిందో కూడా ఆమెకి తెలుసు. నేను వేళ్ళు పిసుక్కుంటూ చూస్తున్నాను. చలికాలమా, వానాకాలమా అని ఆయన సాయం చేయబోయాడు.

"తెలీదు బాబూ" అంది అమ్మ. "అప్పుడు పుట్టిందని అనుకోలేదుగా."

చివరికి నా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న తేదీయే వేశారు. ఆ తేదీ సంగతి నాకు తెలుసు. మా ఊరి బళ్ళో చేరిన పిల్లల్లో సగం మందికి అదే జూన్ తేదీ, మాస్టారు వేసింది.

తిరిగొస్తుంటే ఆటోలో అమ్మ నాకు ఎడంగా జరిగి కూర్చుంది. చెయ్యి పట్టుకోబోతే లాక్కుంది. "ముట్టుకోకు, నాకు మైల" అంది. ఇంటికి రాగానే కట్టుబట్టలతో పంపు కింద కూర్చుని తలమీద నీళ్ళు పోసుకుంది. లోపలికి రానంది. వరండాలో చాప వేసుకుని కూర్చుంది. "చిన్నపిల్లలకి మైలేంటే, కర్మలే ఉండవు" అని నేను ఎంత చెప్పినా వినలేదు. "అప్పుడు పట్టలేదుగా. ఇప్పుడు పడతాను" అంది. పాప కంచంలో అన్నం తెచ్చి దూరంగా పెడితే తినేది. పొద్దస్తమానం ఏడ్చేది. ముప్పయ్యేడేళ్ళ పాతది కాదు ఆ ఏడుపు. మా వార్డులో బిడ్డ దక్కని తల్లులు ఎలా ఏడుస్తారో నాకు తెలుసు. సరిగ్గా అదే, ఆ రోజు పోయినట్టే. పక్కింటి వాళ్ళు వచ్చి "ఎవరు పోయారండీ?" అని అడిగితే మా ఆయన, "మా వదినగారండీ" అన్నాడు. దేవుడు చల్లగా చూడాలి ఆయన్ని, ఆ ఒక్క మాటకి.

అమ్మ నన్ను మాత్రం చూసేది కాదు. నేను ఎదురుపడితే తల దించుకునేది. బంగారుతల్లీ అని పిలవడం మానేసింది. ఏమని పిలవాలో తెలీక, పనుంటే పాపతో చెప్పించేది, మీ అమ్మని అడుగు, మీ అమ్మకి చెప్పు అని. అడిగి తెచ్చుకున్నాను కదా, ఇంక ఎవరిని ఏమనను?

కాగితాలు ఒకటి తర్వాత ఒకటి నడిచాయి. ముందు అక్క చావు వచ్చింది, తర్వాత నా పుట్టుక వచ్చింది. ఆ రెండూ సెక్రటరీ అమ్మాయి ఒకే కవరులో పెట్టి ఇచ్చింది. నా పుట్టుక అమరావతి వెళ్ళింది, ఢిల్లీ వెళ్ళింది, వెనకవైపు స్టిక్కరు అంటించుకుని తిరిగొచ్చింది. ఏజెంటు వాట్సాప్‌లో ఫోటో పెట్టి "కంగ్రాట్స్ మేడం" అన్నాడు. మస్కట్ వాళ్ళు టికెట్ పంపారు.

ప్రయాణం ముందురోజు డ్యూటీ అప్పజెప్పి ఇంటికొచ్చాను. అమ్మ చాప చుట్టేసి లోపలికి వచ్చేసింది. వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది, పొయ్యి మీద ఖాళీ మూకుడు వేడెక్కుతోంది. నన్ను చూసి లేచింది. చాలారోజుల తర్వాత మొహంలోకి సూటిగా చూసింది, కొత్తగా అద్దెకి దిగిన వాళ్ళని చూసినట్టు, పైనుంచి కిందకి.

"రేపు వెళ్తున్నావుగా. ఏం వండిపెట్టను? నీకేం ఇష్టం?" అంది.

మా అమ్మ ఆ మాట ఎప్పుడూ అడగలేదు. నీకిది ఇష్టం, తిను, అని పెట్టేది. చింతచిగురు రొయ్యలు నీకు ప్రాణం అనేది, తినేదాన్ని. పులుసు నీకు పడదు అనేది, ముట్టేదాన్ని కాదు. ముప్పయ్యారేళ్ళలో నేను ఏది ఇష్టంగా తిన్నాను, ఏది ఆ పిల్ల కోసం తిన్నాను? ఎంత వెతుక్కున్నా తెలీలేదు.

"ఏదో ఒకటి చెయ్యమ్మా."

"అట్లా కాదు. నాకు తెలీదు, నువ్వే చెప్పాలి" అంది అమ్మ. చెప్పేదాకా ఆగుతానన్నట్టు పొయ్యి మంట తగ్గించి, నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.